స్టాంపు పడని ఖర్చు

భీమశంకరం పార్సిలుని రెండు చేతులతో అందుకుని ఒకసారి పైకెత్తి దించాడు. "కిలో నాలుగు వందలు," అన్నాడు. "ఇంకో యాభై గ్రాములు ఉంటే ఉండొచ్చు."

పోస్ట్‌మన్ సంతకం కాగితం చాపి పట్టుకుని నవ్వాడు. సరోజినీ నగర్ క్వార్టర్లలో ఈ రెండో అంతస్తు సాబ్ సంగతి అతనికి కొత్త కాదు. మంత్రిత్వ శాఖలో డిస్పాచ్ సెక్షన్ క్లర్కు. ఇరవై ఆరేళ్లుగా దేశంలో ఏ కలెక్టరుకి కవరు వెళ్లినా ఆయన చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఏ కట్ట ఎన్ని గ్రాములో, దానికి ఎంత స్టాంపు పడుతుందో తూకం అక్కర్లేకుండా చెప్పేస్తాడు. ఆ విద్య మీద ఆయనకున్న గర్వం ఇంతా అంతా కాదు.

పార్సిలు చుట్టూ తెల్లగుడ్డ. దగ్గర దగ్గరగా కుట్టిన కుట్టు, కుట్టు మీద వరసగా లక్క ముద్రలు, మూలల దగ్గర రెండు పేటల దారం. పని తెలిసిన చెయ్యే. కానీ ఆయన కళ్లు కుట్టు మీద ఆగలేదు, తిన్నగా స్టాంపుల మీదికి పోయాయి. పెదాలు కదుపుతూ కూడాడు. కూడగానే మొహం ఎర్రబడింది.

"అరవై ఎనిమిది! పూర్ణా, విన్నావా? అరవై ఎనిమిదే!"

అన్నపూర్ణేశ్వరి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఏమిటండీ ఆ కేకలు? వచ్చిందా మిషను?"

వచ్చింది పాదరసం బీపీ మిషను. కిందటి నెల ఆవిడ కూరల బజార్లో కళ్లు తిరిగి పడిపోయింది. రోజూ రెండు పూటలా బీపీ చూసి రాసుకోమని డిస్పెన్సరీ డాక్టరు చెప్పాడు. కొత్తది కొందామంటే పన్నెండు వందలన్నారు. కాలేజీలో చదువుతున్న కూతురు ప్రణతి కంప్యూటర్లో వేలం సైటు వెతికి, పాతదే అయినా శుభ్రంగా ఉన్న మిషనుని మూడువందల పది రూపాయలకి పాడింది. పోస్టేజీ, ప్యాకింగు కలిపి ఇంకో రెండువందల నలభై వేశారు.

"రెండువందల నలభైలో అరవై ఎనిమిది పోతే ఎంత? నూట డెబ్భై రెండు. నూట డెబ్భై రెండు రూపాయల టోపీ పెట్టారు నాకు," అన్నాడు భీమశంకరం.

ఈ టోపీ మొదటిదైతే అంత మంట పుట్టేది కాదేమో. దీపావళి ముందు అదే సైటులో ఒక కాలిక్యులేటరు పంతొమ్మిది రూపాయలకే దొరికిందని సంబరపడ్డాడు. ముంబైలో ఎవడో దానికి పోస్టేజీ రెండువందల ఎనభై వేశాడు. తీరా వచ్చింది పల్చటి కవర్లో, పదిహేను రూపాయల స్టాంపుతో. ధర తక్కువ చూపించి పోస్టేజీలో లాగేసే ఘనులు ఆ సైటు నిండా ఉన్నారు, ఆ మాట అబద్ధం కాదు. భీమశంకరం అప్పుడు నోరు మూసుకుని ఊరుకున్నాడు. ఊరుకున్నందుకు మూడు నెలలు తనని తానే తిట్టుకుంటూ ఉన్నాడు.

బ్లేడుతో కుట్టు కోశాడు. గుడ్డ లోపల పల్చటి చెక్కపెట్టె బయటపడింది. మూలల్లో మేకులు లేవు, చెక్క పళ్లని ఒకదాంట్లో ఒకటి దూర్చి బిగించారు. అంచుల్ని గరుకు కాగితంతో ఎంత రుద్దారో, వేలు పెట్టి రాస్తే ఎక్కడా పేడు తగల్లేదు. మూతకి చిన్న ఇత్తడి గొళ్లెం. లోపల స్పాంజిని మిషను ఆకారానికి సరిగ్గా కోసి, గాజు గొట్టం ఉండే వైపు రెండు పొరలు వేశారు. గొట్టం మీద గీత కూడా పడలేదు.

"ఎంత ముచ్చటగా ఉందండీ పెట్టె!" అంది అన్నపూర్ణేశ్వరి. "నా మందులు పెట్టుకుంటాను."

ప్రణతి తల్లి చేతికి పట్టీ చుట్టి, బుడగ నొక్కి, స్టెతస్కోపు చెవిలో పెట్టుకుని చూసింది. "వన్ సిక్స్‌టీ బై హండ్రెడ్."

"చూశావా, ఆ దొంగ మొహాల పార్సిలు చూడగానే పెరిగిపోయింది," అన్నాడు భీమశంకరం.

"పార్సిలుకి కాదు, మీ కేకలకి."

"నాన్నా, పేజీలో కింద సాఫ్ లిఖా థా, టూ ఫార్టీ అని," అంది ప్రణతి. "నేను మీకు చదివాను కూడా."

"రాసేస్తే న్యాయమైపోతుందా? పద, అభిప్రాయం రాయాలన్నావుగా, ఆ పేజీ తియ్యి. నేను చెప్తా, నువ్వు కొట్టు."

ఆఫీసులో నోటు చెప్పి రాయించినట్టే చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు. స్టాంపు అరవై ఎనిమిది. వసూలు రెండువందల నలభై. పోస్టేజీ పేరుతో నూట డెబ్భై రెండు రూపాయల దోపిడీ. కొనేవారు జాగ్రత్త పడవలెను. ప్రణతి దాన్ని ఇంగ్లీషులో కొట్టింది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తుల్లో ఏది పెట్టమంటారని అడిగింది.

"ఎరుపే," అన్నాడు భీమశంకరం. అని హాయిగా భోజనానికి కూర్చున్నాడు.

*

సోమవారం సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ప్రణతి తడుముకుంటూ పైకి చదివింది.

"నమస్కారం సార్. మీ పేరు చూస్తే తెలుగువారనిపించి ఇలా రాస్తున్నాను. స్టాంపు అరవై ఎనిమిది నిజమే. పెట్టె చెక్కకి డెబ్భై, స్పాంజికి పాతిక, గుడ్డ, దారం, లక్కకి ముప్ఫై, పోస్టాఫీసుకి రానూపోనూ రిక్షా ఇరవై. మిగిలిన ఇరవై ఏడు మా ఆయన చేతిపని. ఇదివరకు థర్మోకోల్‌లో పెట్టి పంపితే రెండు మిషన్లు దారిలో పగిలాయి, రెండు ఎర్ర గుర్తులు పడ్డాయి. అప్పటినుంచే పెట్టెలు చేస్తున్నాం. మీరు పెట్టిన గుర్తు మూడోది. నెలలో మూడు ఎర్ర గుర్తులు పడితే మా ఖాతా మూసేస్తారు సార్. గురువారం లోపల మీరు ఒప్పుకుంటే సైటువాళ్లు గుర్తు తీసేస్తారు. మా ఇంటికి ఇదే ఆధారం. దయచేసి ఆలోచించండి. పెర్సిస్, వైశాలి కాలనీ."

అన్నపూర్ణేశ్వరి బీపీ రాసుకునే పుస్తకం మూసింది. "పాపం అండీ. తీయించెయ్యండి."

"తెలుగు ముక్క వినపడగానే కరిగిపోతావు నువ్వు. ముంబై వాడు నాకు తెలుగు రాయలేదు, అంతే తేడా," అన్నాడు భీమశంకరం. కానీ కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ అంకెలన్నీ ఒక చిత్తుకాగితం మీద వేసి కూడాడు. సరిగ్గా నూట డెబ్భై రెండు వచ్చింది. అది ఇంకా అనుమానంగా తోచింది ఆయనకి. "ఇంత కచ్చితంగా ఎలా వస్తుంది? నా ఉత్తరం చూశాక కూర్చుని పేర్చారు. చీటీలు ఉన్నాయా అని అడుగు."

అడిగింది. గంటలో జవాబు వచ్చింది. "పాత చెక్కల కొట్టువాడు చీటీ ఇవ్వడు సార్. రిక్షావాడు ఇవ్వడు. మా ఆయన చేతికి చీటీ ఎవరిస్తారు?"

భీమశంకరం తల ఆడించాడు. తను పట్టుకున్నది కరెక్టే అన్న సంతోషం మొహంలో దాగలేదు. "రాయమ్మా. చీటీ లేని ఖర్చు ఖర్చు కాదు. స్టాంపు ఒక్కటే సాక్ష్యం."

"నాన్నా, థోడా హార్ష్ హై," అంది ప్రణతి.

"హార్షూ లేదు, గీర్షూ లేదు. కొట్టు."

మర్నాడు ఆఫీసులో ఈ కథ ఆయనే చెప్పాడు, అదీ మూడుసార్లు. సెక్షన్ ఆఫీసరు రాజగోపాల్ విని భుజం తట్టాడు. "శంకరంగారూ, మిమ్మల్ని కన్స్యూమర్ అఫైర్స్‌లో వెయ్యాల్సింది. ఇక్కడ మీ ప్రతిభ వృథా అయిపోతోంది." చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. తమ తమ పోస్టేజీ దెబ్బలు ఒక్కొక్కరూ బయటికి తీశారు. భీమశంకరం ఆ పూట రెండు టీలు ఎక్కువ తాగాడు.

కిటికీ పక్కన నేల మీద గోనెపట్టా పరుచుకుని దఫ్తరీ భగవాన్ దాస్ పార్సిళ్లు కుడుతున్నాడు. పళ్ల మధ్య దారం పట్టి తెంపడం, సూదిని జుట్టులో ఒకసారి రాసి గుడ్డలోకి దించడం, స్పిరిట్ దీపం మీద లక్క కరిగించి ముద్ర వెయ్యడం. పార్సిలుకి అరగంట. ఆ గుడ్డ గజం ఎంతో, ఆ లక్క ఎంతో ఇరవై ఆరేళ్లలో భీమశంకరం ఎవర్నీ అడగలేదు. ఇండెంటు రాస్తే స్టోర్సు నుంచి వస్తాయి. భగవాన్ దాస్ అరగంట అతని జీతంలో పోతుంది. ఆయన రిజిస్టర్లో పార్సిలుకి ఎదురుగా అంకె వేసే గడి ఒక్కటే, స్టాంపుది. ఆ గడిలో పడనిది ఏదీ ఆయన దృష్టిలో ఖర్చు కాదు.

గురువారం సాయంత్రం ప్రణతి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "నాన్నా, ఆజ్ లాస్ట్ డే హై. తీసెయ్యనా?"

భీమశంకరం టీవీలో వార్తలు చూస్తున్నాడు. చూస్తున్నాడే గానీ, ఆ ప్రశ్న వస్తుందని పొద్దున్నుంచి ఎదురు చూస్తున్నట్టే ఉన్నాడు. సరేనందామని నాలిక చివరిదాకా వచ్చింది. రాజగోపాల్ మాట గుర్తొచ్చింది. రేపు వాళ్లు ఏమైందని అడిగితే, తనే వెనక్కి తీసుకున్నానని చెప్పాలి.

"ఉండనీ," అన్నాడు.

*

ఆరు రోజులు పోయాక, బుధవారం నాడు పోస్ట్‌మన్ మళ్లీ వచ్చాడు. అది ఏదో పండగ సెలవు ముందురోజు, భీమశంకరం మధ్యాహ్నమే ఇల్లు చేరాడు. ఈసారి పార్సిలు లేదు, మనియార్డరు. నూట డెబ్భై రెండు రూపాయలు. పోస్ట్‌మన్ ఒక వంద, ఏడు పదులు, రెండు రూపాయి బిళ్లలు బల్ల మీద పేర్చి, కింది చీటీ ముక్క చింపి ఇచ్చాడు. దాని మీద నీలం సిరాతో గుండ్రటి తెలుగు.

"సార్, మీరు ప్యాకింగు ఖర్చు కాదన్నారు కనుక ఆ డబ్బు తిరిగి పంపాను. ప్యాకింగు మీరు కొననట్టే కాబట్టి పెట్టె, స్పాంజి దయచేసి తిరిగి పంపగలరు. పంపిన ఖర్చు నేను ఇచ్చుకుంటాను. పెర్సిస్."

భీమశంకరం ఆ మూడు వాక్యాలూ రెండుసార్లు చదివాడు. ఎక్కడా తప్పు పట్టడానికి సందు లేదు. అప్పుడు కూడా ఆయనకి ముందు తట్టింది మనియార్డరు కమిషను. నూట డెబ్భై రెండుకి తొమ్మిది రూపాయలు. అదీ ఆవిడే కట్టుకుంది.

"గెలిచారుగా," అంది అన్నపూర్ణేశ్వరి చీటీ తిరిగి బల్ల మీద పెడుతూ. ఆవిడ గొంతులో వెటకారం లేదు, అదే ఆయనకి ఇబ్బందిగా ఉంది. లోపలికి వెళ్లి మంచం పక్కనున్న పెట్టె తెచ్చింది. మాత్రల అట్టలు ఒక్కొక్కటీ తీసి స్టీలు డబ్బాలో వేసింది. ఖాళీ పెట్టెని పైటచెంగుతో లోపలా బయటా తుడిచి ఆయన ముందు పెట్టింది.

"స్పాంజి ఏదీ?" అన్నాడు.

"స్పాంజి గిన్నెలు తోమడానికి ముక్కలు చేశాను. అక్కర్లేదనుకున్నాను మరి. మనం కొననిదని నాకేం తెలుసు?"

ఆ రోజు సాయంత్రం బీపీ చూస్తే నూట డెబ్భై అయిదు వచ్చింది. ఆవిడ ఆ అంకె పుస్తకంలో రాసుకుంది. మొగుడితో మాత్రం మాట్లాడలేదు.

*

శుక్రవారం పెట్టెని సంచీలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. లంచ్‌లో పోస్టాఫీసులో రిజిస్టరు చేసి పంపేస్తే పీడా పోతుందనుకున్నాడు. భగవాన్ దాస్ సంచీలోకి తొంగి చూశాడు.

"ఇది కుట్టాలా సాబ్? ఇలా ఇవ్వండి, పాంచ్ మినట్ కా కామ్ హై," అన్నాడు, చెయ్యి అప్పుడే గుడ్డ మీదికి పోతూ.

భీమశంకరం ఇవ్వబోయాడు. పెట్టె సగం సంచీలోంచి బయటికి వచ్చింది కూడా. అది సర్కారు గుడ్డ, సర్కారు లక్క. ఇరవై ఆరేళ్లలో సొంతానికి ఒక గుండుసూది ఎత్తుకెళ్లిన పాపాన పోలేదు. "వద్దులే," అని పెట్టె లోపలికి తోసేశాడు.

మధ్యాహ్నం పోస్టాఫీసుకి వెళ్లాడు. బయట గోడ వారగా పార్సిళ్లు కుట్టే ముసలాయన గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. భీమశంకరం ఆయన్ని వెయ్యిసార్లు చూసి ఉంటాడు, ఎప్పుడూ ఆగలేదు. ముసలాయన పెట్టె అందుకుని అటూ ఇటూ తిప్పాడు, మూలలు వేలితో నొక్కాడు.

"బఢియా కామ్ హై," అని మెచ్చుకున్నాడు. "ఎవరు చేశారు బాబూజీ?"

"ఎవరో. ఎంతవుతుంది కుట్టడానికి?"

"సత్తర్."

"డెబ్భయ్యా! ఖాళీ పెట్టెకి! దేనికయ్యా డెబ్భై?"

ముసలాయన వేళ్లు మడిచాడు. గుడ్డ ఇంత, దారం ఇంత, లక్క ఇంత, తన అరగంట ఇంత. భీమశంకరానికి అలవాటైన ప్రశ్న నోట్లోంచి దానంతటదే వచ్చింది. "పర్చీ దోగే?"

ముసలాయన మొదట అర్థం కానట్టు చూశాడు, తర్వాత నోరంతా తెరిచి నవ్వాడు. "సూయీ కీ పర్చీ హోతీ హై క్యా, బాబూజీ?"

సూదికి చీటీ ఉంటుందా అని. పక్కనే మనియార్డరు ఫారాలు నింపిపెట్టే ఆయన కూడా నవ్వాడు. భీమశంకరం పెట్టె తీసుకుని నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. ఆవిడ పంపిన అంకెలు ఆయనకి నోటికి వచ్చు. గుడ్డ, దారం, లక్కకి ముప్ఫై. అంతే ఉంది అందులో. కుట్టినదానికి ఆవిడ పైసా వేసుకోలేదు. ఆ దగ్గర దగ్గరి కుట్టు, మూలల్లో ఆ రెండు పేటలు, ఎంతలేదన్నా అరగంట పని. తను చూడలేదు. చూసినా లెక్కలోకి తీసుకోలేదు. ఒంట్లో ఎక్కడో సిగ్గు పుట్టి చెవుల దాకా పాకింది. పెట్టెని మళ్లీ సంచీలో పెట్టుకుని ఆఫీసు వైపు నడిచాడు.

*

శనివారం మనియార్డరు చీటీ మీది అడ్రసు పట్టుకుని ఆనంద్ విహార్ బస్సెక్కాడు. పది రూపాయల టికెట్టు. ఆనంద్ విహార్‌లో దిగి నలుగురితో పాటు షేరు ఆటోలో ఇరుక్కున్నాడు, వైశాలికి ఐదు. పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. జేబులో నూట డెబ్భై రెండు రూపాయలు విడిగా కవర్లో ఉన్నాయి. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకుంటూనే ఉన్నాడు. గుర్తు తీయించేస్తాను, డబ్బు ఉంచుకోండి, పెట్టె కూడా మా ఆవిడకి నచ్చింది, ఇచ్చెయ్యండి. అలా అంటే అందరికీ బాగుంటుందనిపించింది.

నాలుగో అంతస్తు. మెట్లకి రెయిలింగు లేదు. మూడో అంతస్తు దాటగానే రంపపు పొట్టు వాసన వచ్చింది. తలుపు తీసే ఉంది. లోపల నేల మీద ఒకాయన మోకాళ్ల మీద చెక్కముక్క పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నాడు, అయినా రెండుసార్లు రుద్దితే ఒకసారి దగ్గుతున్నాడు. గోడవారగా పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంది.

"ఎవరండీ?" అంటూ లోపల్నుంచి నలభై అయిదేళ్లావిడ వచ్చింది. చీర మీద నడుముకి వెడల్పాటి బెల్టు. ఆవిడ ముందు చూసింది ఆయన్ని కాదు, ఆయన చేతిలో పెట్టెని. "వందనాలండీ. భీమశంకరంగారా? పోస్టులో పంపేవారు కదా సార్, ఇంత దూరం వచ్చారు! రూబెన్, కుర్చీ ఇటివ్వు."

"పర్లేదమ్మా, కూర్చోను," అన్నాడు భీమశంకరం. కానీ కూర్చున్నాడు, నాలుగంతస్తులు ఎక్కిన ఆయాసం. కూర్చుని దారిలో కూర్చుకున్న మొదటి ముక్క అందుకున్నాడు. "ఆ గుర్తు తీయించేస్తానమ్మా. ఇవాళే మా అమ్మాయితో చెప్తాను."

"కిందటి శుక్రవారమే మూసేశారండీ," అంది పెర్సిస్. "ఇప్పుడు తియ్యడానికి అక్కడ ఏమీ లేదు."

"కొత్త ఖాతా తెరవొచ్చు కదా?"

"తెరవొచ్చండీ. మూడేళ్ల పేరది, నాలుగు వందల పార్సిళ్లు పంపాం. ఆ పేరు చూసే మా చర్చివాళ్లూ, నాతో డ్యూటీ చేసిన నర్సులూ సామాన్లు అమ్మిపెట్టమని ఇచ్చేవారు. ఇప్పుడు పట్టుకెళ్లిపోతున్నారు." ఆవిడ మూలకి చూపించింది. అక్కడ ఒక ఇస్త్రీపెట్టె, ఒక మిక్సీ, రెండు బీపీ మిషన్లు, వాటికి దారంతో కట్టిన పేర్ల చీటీలు ఉన్నాయి. "మిగిలినవి రేపు ఆరాధన అయ్యాక తీసుకుంటామన్నారు."

"మరి మీరు?"

"సోమవారం నుంచి సాకేత్‌లో పని. ఒక పెద్దావిడ మంచం మీద ఉన్నారు, చూసుకోవాలి."

"ఎత్తి దించాలండీ ఆవిణ్ణి," అన్నాడు రూబెన్ ముక్కు మీది గుడ్డ కిందికి లాగి. "పేషెంటుని ఎత్తబోయే ఈవిడ నడుము పోయింది. ఇంక జన్మలో బరువెత్తొద్దన్నాడు డాక్టరు." ఇంకేదో అనబోయి దగ్గులో పడ్డాడు.

"నువ్వూరుకో," అంది పెర్సిస్.

భీమశంకరం కవరు తీశాడు. "ఇది ఉంచండమ్మా. నూట డెబ్భై రెండు."

"దేనికండీ?"

"ప్యాకింగుకి."

"ప్యాకింగు తిరిగి వచ్చేసింది కదండీ," అందావిడ, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినంత నెమ్మదిగా. "మళ్లీ డబ్బెలా తీసుకుంటాను?"

రూబెన్ పెట్టె అందుకుని గొళ్లెం తీశాడు, బొటనవేలితో నాలుగు మూలలూ తడిమాడు. మూత లోపలికి చూశాడు. "స్పాంజి?"

"అదీ... మా ఇంట్లో..." అని ఆగిపోయాడు భీమశంకరం.

"పోనీలెండి," అన్నాడు రూబెన్. లేచి వెళ్లి ఆ పెట్టెని దొంతర పైన పెట్టాడు. "పన్నెండు," అన్నాడు పెళ్లాంతో.

"కింద మందుల కొట్టాయన డజనైతేనే తీసుకుంటానన్నాడండీ," అంది పెర్సిస్. "పదకొండే ఉన్నాయి. ఇంకోదానికి చెక్క చాలదు. అందుకే మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, ఏమీ అనుకోకండి."

"పెట్టె ఎంతకి తీసుకుంటాడమ్మా?"

"నలభై."

చెక్కే డెబ్భై కదా అనుకున్నాడు భీమశంకరం. పెట్టె నాకే ఇచ్చెయ్యండి, ఎంతైనా ఇస్తాను అని దారంతా అనుకున్నది ఇంక అనే వీల్లేదు. తను ఒక్కటి తీసుకుంటే పదకొండూ మిగిలిపోతాయి. లేవబోయాడు.

"ఉండండి సార్, మీ ఖర్చు," అంది పెర్సిస్. బల్ల సొరుగులోంచి చిన్న పర్సు తీసింది. "ఎలా వచ్చారు?"

"అయ్యో, వద్దమ్మా. ఏమీ వద్దు."

"ఇస్తానని రాశాను కదండీ. పంపమన్నది నేను. బస్సులో వచ్చారా?"

"బస్సులోనే."

"ఆనంద్ విహార్‌కి పది, తిరిగి వెళ్లడానికి పది. అక్కణ్ణుంచి ఇక్కడికి ఆటో ఐదు, రానూపోనూ పది. ఆటోవాడు చీటీ ఇవ్వడని నాకు తెలుసు లెండి, అదీ వేశాను. ముప్ఫై అయింది." ఆవిడ మూడు పది నోట్లు బల్ల మీద పెట్టింది. "పెట్టె మోసుకుని నాలుగంతస్తులు ఎక్కారు. సెలవు పూట పాడు చేసుకున్నారు. దానికెంత వెయ్యమంటారు?"

భీమశంకరం ఆవిడ మొహంలోకి చూశాడు, ఎత్తిపొడుపు కోసం వెతికాడు. ఉంటే బాగుండుననిపించింది, కోపం తెచ్చుకోవడానికైనా పనికొచ్చేది. లేదు. ఆవిడ నిజంగానే అడుగుతోంది.

"మీరు చెప్పకపోతే నాకు తోచింది వేస్తాను," అని ఆవిడ ఇంకో పది పెట్టింది. "నలభై. సరిపోయిందా సార్?"

ఆయన తల ఊపాడు. ఊపానని తర్వాత గానీ తెలియలేదు.

"ఒక్క చీటీ రాసివ్వండి," అంది పెర్సిస్ కాగితం, కలం అందిస్తూ. "మీరడిగాక అన్నిటికీ చీటీలు పెట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నాను."

భీమశంకరం రాశాడు. ఇరవై ఆరేళ్ల పొందికైన చేతిరాత. తారీఖు వేశాడు. బస్సు, ఇరవై. ఆటో, పది. మూడో వరుసలో ఎడంపక్క ఏం రాయాలో తెలియక కలం ఆగింది. రూబెన్ మళ్లీ చెక్క రుద్దడం మొదలుపెట్టాడు. మోత కూలి, పది అని రాశాడు. గీత గీసి మొత్తం నలభై రూపాయలు ముట్టినవి అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేశాడు. ఆవిడ కాగితాన్ని ఒకసారి చదువుకుని, మడిచి, పర్సులో పెట్టుకుంది.

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు దగ్గర ఆయనకి లెక్క తగిలింది. పన్నెండో పెట్టెకి ఆ కొట్టువాడు ఇచ్చేది నలభై. ఆ నలభయ్యీ తన జేబులో ఉంది. వెనక్కి వెళ్లి ఇచ్చేద్దామని రెండు మెట్లు ఎక్కాడు. ఏమని ఇవ్వాలి? చీటీ రాసి సంతకం పెట్టి వచ్చాడు. మళ్లీ దిగడం మొదలుపెట్టాడు.

ఇల్లు చేరేసరికి అన్నపూర్ణేశ్వరి చేతికి పట్టీ చుట్టుకుని కూర్చుంది, ప్రణతి బుడగ నొక్కుతోంది. నాలుగు రోజులుగా మాట్లాడని మనిషి తలెత్తి అడిగింది.

"ఇచ్చారా?"

"ఇచ్చాను."

"గుర్తు తీసేస్తానని చెప్పారా?"

"కిందటి శుక్రవారమే మూసేశారట."

ఆవిడ కళ్లు దించుకుంది. ప్రణతి స్టెతస్కోపు చెవుల్లోంచి తీసేసింది. భీమశంకరం జేబులోంచి నాలుగు పది నోట్లు తీసి బీపీ మిషను పక్కన పెట్టాడు. పొద్దున పట్టుకెళ్లిన కవరు కూడా తీసి వాటి పక్కనే పెట్టాడు.

"ఇదేమిటండీ?" అంది అన్నపూర్ణేశ్వరి నోట్ల వైపు చూసి.

"నాకు కూలి ఇచ్చిందావిడ," అన్నాడు.